హై-పెర్ఫార్మెన్స్ లాంగ్‌బోర్డ్ కొనబోతున్న మేనల్లుడికి

చి. కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

సర్ఫింగ్ బోర్డు మార్చి, చురుగ్గా మలుపు తిరిగే హై-పెర్ఫార్మెన్స్ లాంగ్‌బోర్డ్ కొందామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఇప్పుడున్న తొమ్మిదిన్నర అడుగుల లాగ్ (పాతరకం బరువైన లాంగ్‌బోర్డ్) మీద అల పట్టడం, ముందుకు నడవడం వచ్చేశాయి గానీ మలుపు తిరగట్లేదట కదా. తిరగదురా, దాన్ని చేసిందే నోజ్ (ముందు కొస) మీద నిలబడి సాగిపోవడానికి.

కొనేటప్పుడు అందరూ పొడవు దగ్గరే ఆగిపోతారు. 9 అడుగులా, 9 అడుగుల 2 అంగుళాలా అని నెల్లాళ్లు తర్జనభర్జన పడతారు. ఆ రెండంగుళాలతో ఒరిగేదేమీ లేదు. ఈ రకం బోర్డు తిరిగేది వెనక కాలి కింద నుంచి. కాబట్టి టెయిల్ (వెనక కొస), అక్కడి రెయిల్ (పక్క అంచు), కింద రాకర్ (బోర్డు వంపు) ముందు చూడు. నడిమధ్యన నిలబడే తిప్పుదామనుకుంటే మాత్రం ఇంత డబ్బు పోయనక్కర్లేదు.

కొలతల సంగతి త్వరగా తేల్చేద్దాం. డెబ్భై కిలోల మనిషికి 9 అడుగుల 1 అంగుళం పొడవు, 22.5 అంగుళాల వెడల్పు, 2.75 అంగుళాల మందం బాగా సరిపోతాయి. వాల్యూమ్ 63 లీటర్లకు అటూ ఇటూ వస్తుంది. తొంభై కిలోలు దాటితే 9 అడుగుల 4 అంగుళాలు, 23 వెడల్పు, 3 మందం దాకా వెళ్లొచ్చు. కొస నుంచి అడుగు లోపలికి కొలిస్తే నోజ్ వెడల్పు 17.5, టెయిల్ వెడల్పు 14.5 అంగుళాలు ఉంటే మంచి మధ్యరకం.

అసలు తికమక రాకర్‌తోనే. రాకర్ అంటే పక్క నుంచి చూస్తే కనిపించే వంపు. నువ్వు ఎక్కువగా దిగేది శాన్ డియెగోలోని టూర్మలీన్ బీచ్‌లో. అక్కడి అల మెత్తన, నెమ్మది. నోజ్ మరీ పైకి లేచిన బోర్డు అక్కడ నీళ్లను తోసుకుంటూ పోతుంది, పాడిల్ చేసి చేసి (చేతులతో తెడ్డు వేసి వేసి) భుజాలు పడిపోతాయి గానీ అల దక్కదు. అదే స్క్రిప్స్ పియర్ పక్కన బీచ్ బ్రేక్‌లో (ఇసుక మీద అల విరిగే చోట) అల నిటారుగా లేస్తుంది. నోజ్ చదునుగా ఉంటే దిగీ దిగగానే నీళ్లలో గుచ్చుకుంటుంది. రెండుచోట్లా వాడాలంటే ముందు వంపు మధ్యస్థంగా, వెనక వంపు కాస్త ఎక్కువగా ఉన్నది అడుగు. వెనక వంపు పెరిగేకొద్దీ నేరుగా పోయే వేగం కొంత తగ్గుతుంది. అది భరించాల్సిందే, ఎందుకంటే మలుపు ఇచ్చేది అదే.

రెయిల్‌ని కంటితో కాదు, అరచేత్తో చూడాలి. బోర్డు మధ్య నుంచి వెనక్కి చెయ్యి జార్చుకుంటూ పో. మధ్యలో గుండ్రంగా, మెత్తగా తగలాలి. టెయిల్ ఇంకా అడుగున్నర ఉందనగా కింది అంచు పదునెక్కడం వేలికి తెలియాలి. ఆ పదునే నీటిని టెయిల్ దగ్గర తెంచి వదిలేస్తుంది. చివరిదాకా గుండ్రంగానే ఉంటే నీరు రెయిల్ చుట్టూ పాకి బోర్డును పట్టి ఉంచుతుంది. నోజ్‌రైడర్‌కి (ముందు కొసన నిలబడి సాగే బోర్డుకి) కావలసింది అదే గానీ నీకు కాదు. పదును మధ్యదాకా వచ్చేసినా తంటాయే, ఏ కాస్త తప్పటడుగు పడినా రెయిల్ నీళ్లలో ఇరుక్కుంటుంది.

టెయిల్ ఆకారంలో స్క్వాష్ (మూలలు గుండ్రంగా ఉన్న చదరపు కొస) తీసుకో. చిన్న, మధ్యరకం అలల్లో చురుగ్గా తిరుగుతుంది. రౌండ్ పిన్ (గుండ్రంగా సన్నబడే కొస) పెద్ద అలలో పట్టు ఇస్తుంది.

ఫిన్లు, అంటే అడుగున బిగించే రెక్కలు, టూ ప్లస్ వన్. మధ్యలో 7 అంగుళాలది, పక్కల మూడున్నర అంగుళాల చిన్నవి రెండు. 9 అంగుళాల ఫిన్ పెట్టి బోర్డు బిగుసుకుపోయిందని తిట్టేవాళ్లు ఎంతోమంది. మధ్య ఫిన్‌ని మొదట దాని బాక్స్ (ఫిన్ బిగించే గాడి) మధ్యలో బిగించి రెండు మూడు రోజులు చూడు. బిగువుగా ఉంటే అర అంగుళం ముందుకు జరుపు, టెయిల్ జారిపోతుంటే వెనక్కి. పక్క ఫిన్ల బాక్సు ఎఫ్‌సీఎస్ కంపెనీదా, ఫ్యూచర్స్ కంపెనీదా అన్నది ముందే అడుగు, ఒకదానివి మరోదానికి పట్టవు. అన్నట్టు, 1966లో మీ శాన్ డియెగోలోనే ఆస్ట్రేలియా సర్ఫర్ నాట్ యంగ్ ప్రపంచ టైటిల్ గెలిచిన బోర్డు 9 అడుగుల 4 అంగుళాలే. జార్జ్ గ్రీనో గీసిన వంగే ఫిన్ దానికి పెట్టారు. ఫిన్ ఎంత పని చేస్తుందో అప్పుడే తేలింది.

బోర్డు లోపలి ఫోమ్ పాలీయురెథేన్‌దా, ఈపీఎస్‌దా (థర్మోకోల్ లాంటిది, పైన ఎపాక్సీ రెజిన్) అంటే, మొదటిదే తీసుకో. కాస్త బరువైనా గాలికి ఎగిరెగిరి పడదు, రిపేరు సులువు. ఈపీఎస్ తేలికే గానీ చిల్లు పడితే నీళ్లు పీలుస్తుంది. పైగా దానిమీద పాలియెస్టర్ రెజిన్ పోస్తే ఫోమ్ కరిగిపోతుంది, ఎపాక్సీయే వాడాలి. గ్లాసింగ్‌లో (పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ అంటించడంలో) డెక్, అంటే పైభాగం మీద 6, 4 ఔన్సుల పొరలు, అడుగున 6 ఔన్సులది వేయించు. రెండువైపులా పల్చగా వేసింది పట్టుకుంటే హాయిగా ఉంటుంది, ఏడాది తిరిగేసరికి డెక్ నిండా మడమల గుంటలే.

సెకండ్ హ్యాండ్ అయితే వ్యాక్స్ గీకించకుండా బేరం మాట్లాడకు. గీకాక రెండు బొటనవేళ్లతో డెక్ అంతా నొక్కుతూ పో. ఎక్కడైనా పొంగిన పూరీలా లోపలికి దిగితే గ్లాసు ఫోమ్‌ని వదిలేసినట్టే, దాన్ని అక్కడే వదిలెయ్. తర్వాత ఒక కన్ను మూసి టెయిల్ నుంచి స్ట్రింగర్ (మధ్యలో పొడవునా ఉండే చెక్క పట్టీ) వెంట చూడు, మెలిక ఉంటే తెలుస్తుంది. డెక్‌కి అడ్డంగా సన్నని గీత కనిపిస్తే ఒకసారి మడతపడి అతికించిందన్నమాట. ఫిన్ బాక్స్ చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లుంటే లోపలికి నీళ్లు పోయి ఉంటాయి. బోర్డంతా ఒకే పసుపైతే ఎండ వల్ల, భయం లేదు. ఒక్కచోటే గోధుమరంగు మరకుంటే అది నీటిది.

షేపర్‌తో (బోర్డు చెక్కే ఆయనతో) చేయించేటట్టయితే నీ ఎత్తు, బరువు, ఇప్పటి బోర్డు కొలతలు, ఏ బీచ్‌లో దిగుతావు, దీంతో నీకేం కుదరట్లేదు, ఈ అయిదూ కాగితం మీద రాసుకుని వెళ్లు. ‘‘ఏదో మంచిది చెయ్యండి’’ అంటే ఆయన దగ్గరున్న అచ్చే నీకూ వస్తుంది.

ఏదైనా నచ్చితే కొనేముందు ఫోటోలు పంపు. డెక్ ఫోటో ఒక్కటే చాలదు. అడుగుభాగం, పక్క నుంచి రాకర్, దగ్గరగా టెయిల్ రెయిల్, ఈ మూడూ తప్పకుండా కావాలి.

మీ మామయ్య