టెస్టుల్లో ఎస్‌క్యూలైట్, అసలులో పోస్ట్‌గ్రెస్: ఫర్వాలేదా?

ప్రశ్న: మా ప్రాజెక్టు జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) ఉంది, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. యూనిట్ టెస్టులు (కోడ్‌ని ముక్కలుగా పరీక్షించేవి) మాత్రం మెమరీలో నడిచే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ మీద నడుపుతున్నాం, చకచకా అయిపోతాయి. కొత్తగా వచ్చిన సీనియర్ వాటిని కూడా పోస్ట్‌గ్రెస్ మీదే నడపాలంటున్నారు. టెస్టులు నత్తనడక నడుస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది. నిజంగా అంత అవసరమా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అవసరమేనండీ. ఎస్‌క్యూలైట్ చాలా మంచి ఇంజిన్, అందులో సందేహం లేదు, కానీ రేపు మీ కస్టమర్ల డేటా ఉండేది అందులో కాదు కదా.

పేరు కాలమ్‌ని వార్‌క్యార్ 10 (అంటే గరిష్ఠంగా 10 అక్షరాలు) అని పెట్టి, అందులో శ్రీలక్ష్మి అని తెలుగులో ఎక్కించి చూడండి. కంటికి మూడు అక్షరాలే, కానీ యూనికోడ్‌లో హల్లులూ పొల్లులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి మొత్తం 11 అవుతాయి, పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఎస్‌క్యూలైట్ ఆ 10 అనే హద్దుని అసలు పట్టించుకోదు, మామూలు టేబుల్లో అయితే అంకెల కాలమ్‌లో మాటలు రాసినా దాచుకుంటుంది. ఆరోహణ క్రమంలో పేర్చమంటే నల్ విలువలు (ఏమీ నింపని గడులు) ఎస్‌క్యూలైట్‌లో ముందొస్తాయి, పోస్ట్‌గ్రెస్‌లో చివరికి పోతాయి. మాటల్ని వెతికే లైక్ కూడా అంతే, ఇంగ్లీషు చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాల తేడా ఎస్‌క్యూలైట్ చూడదు, పోస్ట్‌గ్రెస్ చూస్తుంది.

వీటన్నిటికన్నా నాకు భయం వేసేది లాకుల విషయంలో. ఒకే ఖాతాలోంచి ఇద్దరు ఒకేసారి డబ్బు తీయకుండా మీరు సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ (ఆ వరుసకి తాళం వేసే ఆదేశం) పెట్టుకుంటారు, ఎస్‌క్యూలైట్ మీద జాంగో దాన్ని ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది, టెస్టు మాత్రం పచ్చగా పాసవుతుంది! జావా వాళ్లు హెచ్2 అనే చిన్న డేటాబేస్‌ని పోస్ట్‌గ్రెస్ మోడ్‌లో పెట్టి సరిపోతుందనుకుంటారు, ఆ మోడ్ కొన్ని తేడాలనే సర్దుతుంది.

ఇక వేగం. డాకర్‌లో (ప్రోగ్రాముల్ని విడి డబ్బాల్లో నడిపే సాధనం) ఒక్క పోస్ట్‌గ్రెస్‌ని టెస్టులన్నిటికీ కలిపి ఒక్కసారే లేపండి, మైగ్రేషన్లు (టేబుళ్లు తయారుచేసే మెట్లు) కూడా ఒక్కసారే, ఆపైన ప్రతి టెస్టునీ ట్రాన్సాక్షన్‌లో నడిపి చివర్లో రోల్‌బ్యాక్, అంటే చేసిన మార్పులన్నీ వెనక్కి (జాంగో టెస్ట్‌కేస్ క్లాసు ఈ పని తనే చేస్తుంది). పోయినా బాధలేని డేటా కాబట్టి ఎఫ్‌సింక్ (డేటా డిస్కు మీదికి చేరేదాకా ఆగడం) ఆపేయండి, డేటా డైరెక్టరీని టీఎంపీఎఫ్‌ఎస్‌లో, అంటే ర్యామ్‌లోనే పెట్టండి. లాకుల టెస్టులకి మాత్రం రోల్‌బ్యాక్ పద్ధతి పనికిరాదు, నిజంగా కమిట్ చేసి (మార్పుల్ని ఖాయం చేసి) తర్వాత టేబుళ్లు ఖాళీ చేసుకోవాలి.

డిస్కౌంట్ లెక్కల్లాంటి కోడ్‌కి అసలు ఏ డేటాబేసూ వద్దు, వాటిని విడదీస్తే సగం బరువు తగ్గుతుంది. అన్నీ ఒకేరోజు మార్చాలని కూర్చోకండి, ముందు చేత్తో రాసిన ఎస్‌క్యూఎల్, లాకులు ఉన్న టెస్టుల్ని మార్చండి.