డబ్బులు బూట్ల మీద పెట్టండి

ప్రశ్న: డిసెంబరులో మా కాలనీ ఆడవాళ్లం అహోబిలం వెళ్తున్నాం. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి, ఓపికుంటే ఉక్కు స్తంభం అనే కొండ శిఖరం దాకా ఎక్కి సాయంత్రానికి దిగిపోవాలని అనుకుంటున్నాం. నాకు 48 ఏళ్లు. దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది. షాపులో బూట్లు, 50 లీటర్ల బ్యాగు, రెండు స్టిక్కులు, జాకెట్ అన్నీ కలిపి పెద్ద బిల్లు చెప్పారు. అన్నీ కొనాలా?
- ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: 50 లీటర్ల బ్యాగు టెంటు మోసుకుని రోజుల తరబడి తిరిగేవాళ్లకమ్మా. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేదానికి 20 లీటర్లది చాలు. పెద్ద బ్యాగు కొంటే దాన్ని నింపకుండా మనం ఊరుకోం! మీ పిల్లల కాలేజీ బ్యాగుకి నడుం బెల్టు ఉంటే అదే తీసుకెళ్లండి. జాకెట్ కూడా వద్దు, చలి పొద్దున కాసేపే. ఇంట్లో ఉన్న స్వెట్టర్ చాలు.

ఖర్చు పెట్టాల్సింది బూట్ల మీద. భవనాశిని వాగు పక్క తడి రాళ్లు, ఉక్కు స్తంభం వైపు నిటారు ఎక్కుడు, కాలు వేస్తే కదిలే రాళ్లు. అక్కడ మార్నింగ్ వాక్ బూట్ల నున్నటి అడుగు పట్టు ఇవ్వదు. అడుగున లోతైన గాడులున్నవి చూడండి. చీలమండ దాకా ఉండాలన్న పట్టింపు లేదు.

సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. కొండకి వేసుకునే సాక్సులతోనే వేసి చూడండి. లేసు గట్టిగా బిగించి షాపు మెట్లు దిగండి. బొటనవేలు ముందుకెళ్లి తగిలిందా, ఆ సైజు వద్దు, ఒక సైజు పెంచండి. కొండ దిగేటప్పుడు గోళ్లు నల్లబడేది ఇందుకే. షాపతను "వాడితే సాగుతాయి మేడం" అంటాడు. పైభాగం కాస్త మెత్తబడుతుందేమో గానీ, పొడవు పెరగదు. కొన్నాక ప్రయాణం లోపు రెండు మూడు వారాలు ఇంటి చుట్టూ వాటితోనే తిరగండి. సాక్సులు నూలువి వద్దు. చెమట పీల్చుకుని తడిగానే ఉంటాయి, ఆ రాపిడికి బొబ్బలొస్తాయి. పాదంలో ఎక్కడైనా మంట మొదలవగానే ఆగి ప్లాస్టర్ వేయండి. "పైకెక్కాక చూద్దాంలే" అంటే అప్పటికే బొబ్బ తేలి ఉంటుంది.

మీ మోకాలికి స్టిక్కులు మాత్రం నిజంగా పనికొస్తాయి. చదునులో మోచేయి ఎల్ ఆకారంలో వంగేంత పొడవు పెట్టుకుని, దిగేటప్పుడు కొంచెం పెంచండి. చిన్న అడుగులు వేయండి. కొనడం ఇష్టం లేకపోతే గట్టి వెదురు కర్ర ఒకటి చాలు. నొప్పి రోజువారీ పనుల్లో కూడా ఉంటే ముందు డాక్టరుకి చూపించుకుని, ఈసారికి జ్వాలా నరసింహుడితోనే సరిపెట్టుకోండి.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు, అంటే మూడు కిలోల బరువు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పల్లీ చిక్కీ, పులిహోర అన్నీ బ్యాగు లోపలే పెట్టాలి. చేతిలో కవరు కనిపిస్తే కోతులు వదలవు. డిసెంబరులో పొద్దు త్వరగా గూకుతుంది, తలకి కట్టుకునే లైటు ఒకటి ఉంచుకోండి. ఫోన్ లైటు పట్టుకుంటే కర్ర పట్టుకునే చెయ్యి పోతుంది. గైడుని ఎగువ అహోబిలంలోనే మాట్లాడుకోండి.

ప్రశ్న: మావారి ట్రెక్కింగ్ బూట్లు ఏళ్లుగా అటక మీదున్నాయి. చూడ్డానికి కొత్తవే. వాడొచ్చా?
- మరో పాఠకురాలు, కర్నూలు

జవాబు: చాలా బూట్ల అడుగు మధ్యలో ఉండే మెత్తటి పొర పాలియురథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్. వాడకపోయినా గాలిలో తేమకి అది లోపల్లోపలే చివికిపోతుంది. బొటనవేలితో నొక్కి, మడిచి చూడమనండి. పగుళ్లు కనిపించినా, పొడి రాలినా పక్కన పెట్టేయాలి. బాగానే ఉన్నాయనిపిస్తే ఒక వారం వీధిలో వాడాకే కొండెక్కనివ్వండి.