పసుపు కాగితం మీద నిమ్మరసం వేస్తే రంగు ఎందుకు మారలేదు?

మీ పాప పసుపు పూసిన కాగితం మీద నిమ్మరసం వేస్తే రంగు మారలేదని అడిగారు కదా, ప్రయోగం సరిగ్గానే చేసిందండీ. నిమ్మరసం వేసినా, వెనిగర్ వేసినా, ఉత్త మంచినీళ్లు వేసినా పసుపు కాగితం పసుపుగానే ఉంటుంది. పసుపులోని కర్క్యుమిన్ అనే రంగు పదార్థం క్షారం తగిలితేనే ఎర్రబడుతుంది. ఆమ్లానికీ నీళ్లకీ తేడా చెప్పడం దానికి చేతకాదు. అందుకని నోట్సులో "రంగు మారలేదు కాబట్టి ఆమ్లం" అని మాత్రం రాయనివ్వకండి.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే లిట్మస్ కాగితం ఉన్నా సరే, ఈ పాఠం కిళ్లీ సున్నంతోనే మొదలుపెడతాను. గాజు గ్లాసులో పసుపు నీళ్లు పోసి చిటికెడు సున్నం వేసి కలిపితే ఎర్రగా తిరుగుతాయి. "సార్, దిష్టి నీళ్లు!" అని ఎవరో ఒకరు అరుస్తారు. అవును, అవే. ఇప్పుడు అందులోనే నిమ్మకాయ పిండించండి, కొద్దికొద్దిగా. చుక్క పడ్డచోట పసుపు మచ్చ కనిపించి, కలపగానే మాయమవుతుంది. పోనుపోను ఆ మచ్చ ఎక్కువసేపు నిలబడుతుంది, చివరికి గ్లాసంతా మళ్లీ పసుపవుతుంది. తటస్థీకరణ, అంటే ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి విరిచేయడం ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు. మీ పాప నిమ్మరసంతో రంగు మారడం చూడాలంటే దారి ఇదే. (సున్నం కంట్లో పడకుండా చూసుకోండి, అది మీ చేత్తోనే వేయండి.)

వంట సోడాకి పసుపు కాగితం అంతగా ఎర్రబడదు, కాస్త నారింజ రంగుకి తిరుగుతుందంతే. అది బలహీన క్షారం మరి. బట్టల సోడా అయితే వెంటనే తెలిసిపోతుంది.

ఆమ్లాన్నీ క్షారాన్నీ రెండింటినీ పట్టుకోవాలంటే ఎర్ర మందారం వాడండి. ఉడకబెట్టి వడగట్టే పని కూడా లేదు, రేకుల్ని తెల్ల కాగితం మీద గట్టిగా రుద్దితే నీలం, ఊదా కలిసిన రంగు అంటుకుంటుంది. దానిమీద నిమ్మరసం పడితే గులాబీ రంగు, సున్నపు తేట పడితే ఆకుపచ్చ. శంఖపుష్పం దొరికితే ఇంకా బాగుంటుంది, కానీ మందారం లేని వీధి ఉండదు కదా.

కుంకుడుకాయ రసం కూడా పరీక్షించమనండి. నురగ వస్తుంది కాబట్టి సబ్బులాగే క్షారమని పిల్లలంతా పందెం కాస్తారు. పసుపు కాగితం ఎర్రబడదు, మందారం కాగితం గులాబీ వైపు వెళ్తుంది. అందులో నురగ తెచ్చేవి సాపోనిన్లు, రసం మాత్రం కాస్త ఆమ్లమే. బట్టల సబ్బు నీళ్లు పక్కనే పెట్టి పోల్చితే తేడా కళ్లముందే ఉంటుంది. బాత్రూం కడిగే యాసిడ్ జోలికి మాత్రం వెళ్లనివ్వకండి, ముఖ్యంగా బ్లీచింగ్ పౌడర్‌తో అది కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. వంటింట్లో ఉన్నవే ఈ పాఠానికి చాలు.