బొమ్మ ఉన్న వెండి పొడుం డబ్బా: ముద్రల కంటే ముందు మూత చూడండి

మూత మీద చిన్న రూపచిత్రం ఉన్న వెండి పొడుం డబ్బా ఒకటి ఇంగ్లండ్ వేలంలో కనిపించిందనీ, ముద్రలన్నీ సరిగ్గానే ఉన్నాయనీ, కొనొచ్చా అనీ అడిగారు. ముద్రలు మాత్రమే చూసి కొనకండి. నా మొదటి డబ్బాకి అలాగే 240 పౌండ్లు వదిలించుకున్నాను.

నేనుండేది బర్మింగ్‌హామ్‌లో. మా తాతయ్య పంచె మడతలో ఎప్పుడూ పొడుం డబ్బా ఉండేది, రేకుది. ఆ మమకారంతోనే ఇక్కడి సంతల్లో వీటికోసం వెతకడం మొదలుపెట్టాను. ఊళ్లో 1773 నుంచీ వెండిని పరీక్షించి ముద్ర వేసే కార్యాలయం ఉంది. లంగరు గుర్తుంటే ఇక్కడ ముద్ర వేసినది, నడుస్తున్న సింహం ఉంటే 92.5 శాతం వెండి, ఒక అక్షరం ఏ సంవత్సరమో చెబుతుంది. 1784 నుంచి 1890 వరకు పన్ను కట్టిన గుర్తుగా రాజు లేదా రాణి తల కూడా ఉంటుంది. నా డబ్బాకి ఇవన్నీ ఉన్నాయి, అన్నీ అసలువే! మోసం బొమ్మ దగ్గర జరిగింది.

ఇంటికొచ్చి పదిరెట్ల భూతద్దం పెట్టి చూస్తే, బొమ్మలోని దొరసాని బుగ్గల మీద వరసగా, పద్ధతిగా చుక్కలు. అంటే యంత్రం మీద అచ్చువేసిన బొమ్మ. చేత్తో వేసినదాంట్లోనూ చుక్కలుంటాయి కానీ, కుంచె కొసతో పెట్టినవి కాబట్టి ఒకదానిలా ఇంకొకటి ఉండదు. మూత తెరిచి లోపల చూస్తే అక్కడున్న సింహం ముద్రకి వెనక సగం లేదు. అంటే సాదా మూతను ఎవరో తర్వాత కోసి, బొమ్మ అతికించారు. బొమ్మ ఉంటే రేటు పెరుగుతుంది కదా.

అందుకే ఇప్పుడు ముందు మూత లోపలే చూస్తాను. ముద్ర తెగిందా, బొమ్మ చుట్టూ కొత్త అతుకు ఉందా అని. పొడుం వల్ల వెండి పాడవకుండా లోపల బంగారు పూత వేసేవారు, అది డబ్బా అంతా ఒకేలా అరిగి, మూతలో మాత్రం తళతళలాడితే అనుమానించాల్సిందే.

బొమ్మ దేని మీద వేశారో కూడా అడగండి. రాగి రేకు మీద ఎనామెల్ (కాల్చి అతికించే గాజు రంగు) అయితే రంగు వెలిసిపోదు, పెచ్చులు మాత్రం చూసుకోవాలి. ఏనుగు దంతం మీదైతే అది నీటిరంగు, తడిగుడ్డ తగిలితే పోయినట్టే. ఇక్కడ దంతం అమ్మకాలపై 2022 జూన్ నుంచి నిషేధం అమల్లో ఉంది. 1918కి ముందువైన చిన్న రూపచిత్రాలకు మినహాయింపు ఉన్నా, రిజిస్టర్ చేయించాకే అమ్మాలి. మీరు ఇండియాలో ఉంటే దంతం ఉన్నది అసలు తెప్పించుకోవద్దు, మన వన్యప్రాణి చట్టంతో చిక్కు.

వేలం వాళ్లని మూత లోపలి ఫొటో, దగ్గరగా తీసినది, పంపమనండి. పంపకపోతే వదిలేయండి.