బిల్లు కౌంటర్ పోయిన ఇంట్లో హోటల్ చదువు

ప్రశ్న: మాది తిరుపతి. మావారు బస్టాండు దగ్గర ఒక హోటల్లో ఏళ్ల తరబడి బిల్లు కౌంటర్‌లో పనిచేశారు. ఇప్పుడు ఆర్డరు తీసుకునే కంప్యూటర్ తెరలు పెట్టి, ఆయనను తక్కువ జీతంతో టేబుళ్లు తుడిచే పనికి మార్చారు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయికి వంటంటే ఇష్టం. నాన్న పని చెప్పుకోవడానికి మాత్రం సిగ్గుపడుతున్నాడు. వాణ్ణి ఈ రంగంలోకి పంపవచ్చా?

జవాబు: అమ్మా, పంపవచ్చు; అయితే అందులో ఏ పని నేర్చుకోవాలో ముందుగా తేల్చుకోవాలి. యంత్రం వచ్చినప్పుడు, ప్రతిసారీ ఒకే తీరుగా జరిగే పని మొదట మనిషి చేతి నుంచి జారిపోతుంది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్‌గేట్లలో నగదు తీసుకునే పని అలాగే తగ్గింది. వంటగదికీ ఇది వర్తిస్తుంది. రుబ్బడం, కూరగాయలు తరగడం, చపాతీలు చేయడం పెద్ద హోటళ్లలో ఇప్పటికే యంత్రాలకు వెళ్లాయి. కొత్త బస్తా కందిపప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతున్నా, చింతపండు నిన్నటికంటే పుల్లగా ఉన్నా, వందలమందికి పెట్టే సాంబారు రుచి తప్పకుండా సరిదిద్దే మనిషి అవసరం మాత్రం అలాగే ఉంది. మీ అబ్బాయి నేర్చుకోవలసింది ఆ నైపుణ్యం. దానితోపాటు సరుకుల లెక్క, ఆహార భద్రత నియమాలు, ప్లేటుకు ఎంత ఖర్చవుతుందో కట్టే పద్ధతి.

తిరుపతిలోనే ఉన్న ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంటర్ తరువాత వంట విద్యలో మూడేళ్ల బీబీఏ డిగ్రీ ఉంది. అంత కాలం చదివించడం భారమైతే, ప్రభుత్వ ఐటీఐలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్, ఏసీ టెక్నీషియన్ ట్రేడును పరిశీలించండి. వసతి గృహాలు, హోటళ్లు ఇన్ని ఉన్న ఊళ్లో ఆ పనికి కొరత రాదు.

ఇక సిగ్గు సంగతి. చదువురాని యాత్రికురాలు కొండ దిగి వచ్చి తెర ముందు తికమకపడుతుంటే, ఉపవాసమేమో కనుక్కుని, ఉల్లిపాయ లేని టిఫిన్ ఏదో చెప్పి, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టగలిగింది మీవారి లాంటి వారే. ఆ పనికి యాజమాన్యం వెల కట్టకపోవడం అన్యాయం. అందులో ఆయన తక్కువతనం ఏమీ లేదు. ఈ మాట మీ అబ్బాయికి మీరే చెప్పండి. హోటల్ ఉద్యోగులకు కనీస వేతనం నిర్ణయమై ఉంటుంది కాబట్టి, ఇప్పటి జీతం దానికంటే తక్కువేమో కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి. పీఎఫ్ జమ అవుతున్నదీ లేనిదీ చూసుకోండి.

దరఖాస్తు చేసేలోపు, పరీక్షలు ముగిశాక, ఏదైనా పెద్ద వంటశాలలో కొన్ని వారాలు పనిచేయనివ్వండి. తెల్లవారుజామున లేచి వేడిలో నిలబడ్డాక కూడా వాడి ఇష్టం నిలిస్తే, నిశ్చింతగా ఫీజు కట్టవచ్చు.