బృందంలో చేరే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

అంతర్జాతీయ ఖగోళ పరిశీలన బృందంలో చోటు దొరికిందని రాశావు. చాలా సంతోషం. సైన్సు నీకు నేను చెప్పక్కర్లేదు, మిగతా సంగతులే చెబుతాను.

మన రంగంలో దేశాల పొత్తు మర్యాద కోసం కాదు, గత్యంతరం లేక. భూమి తిరుగుతుంది, నువ్వు చూస్తున్నది అస్తమిస్తుంది. తర్వాత దాన్ని పట్టుకోవాల్సింది నీకు పడమట ఉన్నవాళ్లే. 2017 ఆగస్టు 17న, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనడంతో పుట్టిన గురుత్వ తరంగాలు (అంతరిక్షంలో వ్యాపించే అలలు) అందిన 1.7 సెకన్లకే ఫెర్మి ఉపగ్రహం గామా కిరణాల మెరుపును పట్టింది. ఆ ఢీ ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో జరిగిందని తేలడానికి మాత్రం చిలీలో చీకటి పడాల్సి వచ్చింది. ఆ తర్వాత సుమారు 70 వేధశాలలు అటు తిరిగాయి.

అంత చురుగ్గా కదిలారంటే, ఎవరికి ఏ సమాచారం ఇవ్వాలో ఒప్పందాలు ముందే రాసుకున్నారు కాబట్టి. నువ్వూ మొదటి పరిశీలనకు ముందే అడుగు: డేటా ఎన్నాళ్లు బృందం దగ్గరే ఉంటుంది? పేపర్లో పేర్ల వరస ఎలా? టెలిస్కోపు నడిపినవాళ్ల పేరు వస్తుందా? మొహమాటపడకు. ఏదైనా బయటపడ్డాక ఇదే ప్రశ్న వేస్తే పేచీ పెట్టినట్టు ఉంటుంది.

సమయాలు యూటీలోనే, అంటే అన్ని దేశాలకూ ఒకటే అయిన సార్వత్రిక కాలమానంలోనే రాయి. ఫిట్స్ ఫైలు (మన చిత్రాలు, డేటా దాచే ఫైలు) హెడర్, అంటే పరిశీలన వివరాలు రాసే మొదటి భాగం, పూర్తిగా నింపు. ఏమీ కనిపించకపోయినా, ఎంత మసక కాంతి దాకా చూశావో పంపు. అదీ ఫలితమే.

1887లో పారిస్‌లో మొదలైన ఆకాశ పటం పథకం తెలుసుగా? ఒకేలాంటి టెలిస్కోపులు, వాటాలుగా పంచుకున్న ఆకాశం, ఏర్పాటు ముచ్చటగానే ఉంది. దశాబ్దాలు గడిచినా కొన్ని వాటాలు తెమల్లేదు, పటం అసంపూర్తిగానే ఆగిపోయింది. అందుకే మోయగలిగినంతే ఒప్పుకో. మధ్యలో వల్లకాకపోతే వెంటనే చెప్పేయి, వేరేవాళ్లు అందుకుంటారు.

అందరూ మరీ తొందరగా ఒక మాట మీదికి వస్తే మాత్రం అనుమానించు. ఎం87 గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలం డేటాతో నాలుగు జట్లు, ఒకరి పని ఒకరికి తెలియకుండా, విడివిడిగా చిత్రాలు తయారుచేశాయి. నాలుగింట్లోనూ వలయం కనిపించాకే ముందుకెళ్లారు. 2019 ఏప్రిల్ 10న లోకం చూసిన చిత్రం వెనక అంత జాగ్రత్త ఉంది.

ఇంకోటి. ఆన్‌లైన్ సమావేశం ప్రతిసారీ ఒకే ఖండం వాళ్లకు అర్ధరాత్రి పడుతుంటే, వేళలు వంతులవారీగా మార్చమని అడుగు. నీకు పగలే పడుతున్నా సరే.