సాక్ష్యానికి రెండు నిమిషాలు
సంఘ జీవితం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్లకు ముందు కృతజ్ఞతా సాక్ష్యాలు పెట్టుకున్నాం. ఏడాదిగా అదే నలుగురు లేస్తున్నారు. "గత కాలమంతా కాచి కాపాడి, సజీవుల లెక్కలో ఉంచిన దేవునికి స్తోత్రం" అని అవే మాటలు. ఒకాయనైతే కొత్త కారు, రెండో అంతస్తు గురించే పావుగంట చెబుతాడు. వెనక వరసల్లో గొణుగుళ్ళు మొదలయ్యాయి. ఆపేద్దామా? (సంఘ కార్యదర్శి, కందుకూరు దగ్గరి పల్లె)

జవాబు: ఆపొద్దు. పద్ధతి మార్చండి.

"సజీవుల లెక్కలో" అన్న మాటలో తప్పేమీ లేదు. ఎవరు చెప్పినా, ఏ నెలలో చెప్పినా సరిపోతుంది కాబట్టే వినేవాళ్ళ చెవికి ఎక్కదు. సాక్ష్యంలో ఒక రోజు, ఒక చోటు, ఒక మనిషి ఉండాలి. "మంగళవారం రాత్రి బోరు మోటారు కాలిపోయింది. పక్క చేనాయన తన మడికి పెట్టుకోవాల్సిన నీళ్ళు రెండు గంటలు నా వైపు తిప్పాడు. నారు బతికింది. దేవునికి స్తోత్రం." ఇంతే. అర నిమిషం పట్టదు, ఇంటికి పోయాక కూడా గుర్తుంటుంది.

ముందు ఆదివారం ప్రకటనల్లోనే ఒక ప్రశ్న ఇవ్వండి. ఒక నెల "ఎవరి చేతి మీదుగా మేలు జరిగింది?", ఇంకో నెల "అడిగింది దొరక్కపోయినా ఏం దొరికింది?" శనివారం సాయంత్రానికి ఒక సంఘ పెద్ద ఐదుగురి పేర్లు రాసుకోవాలి. వాళ్ళలో ఇద్దరు ఆరు నెలలుగా నోరు విప్పనివాళ్ళు అయివుండాలి. తలా రెండు నిమిషాలు. లేచి రావడం, పోవడం కలుపుకున్నా పావుగంటలో అయిపోతుంది. సమయం దాటితే గంట కొట్టి అవమానించొద్దు, పాటలు పాడించేవాళ్ళు పల్లవి ఎత్తుకుంటే చాలు. ఎంత మాటకారి అయినా పాట మీద పోటీకి దిగడు.

మైకు చూస్తే వణికేవాళ్ళకు 136వ కీర్తన దారి చూపిస్తుంది. 26 వచనాలు, ప్రతి వచనానికీ చివర సభ చెప్పే జవాబు ఒకటే: "ఆయన కృప నిరంతరముండును." అదే పద్ధతిలో చీటీలు రాయించండి, పేర్లు అక్కర్లేదు. ఒకరు నిదానంగా "పాపకు జ్వరం తగ్గింది" అని చదవాలి, సభంతా కీర్తనలోని జవాబు అందుకోవాలి. ఇరవై చీటీలు ఐదు నిమిషాల పని. చదివేముందు పాస్టరుగారో, పాస్టరమ్మగారో ఒకసారి తిరగేయడం మంచిది. "మా అత్తగారి నోరు పడిపోయినందుకు" అని రాసే గడుగ్గాయి ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు.

మైకు దగ్గర రెండే రెండు నిషేధాలు పెట్టండి. వస్తువుల ధరలు చెప్పకూడదు. ఇంకొకరి జబ్బు వాళ్ళ అనుమతి లేకుండా చెప్పకూడదు. కారాయనకు ఈ సంగతి ప్రసంగ వేదిక మీదనుంచి కాదు, ఇంటికి వెళ్ళి చెప్పండి. అక్కడే ఇంకో మాట కూడా అడగండి: నడవలేని ముసలివాళ్ళను రెండు ఆదివారాలు ఆ కారులో తీసుకురాగలరా అని. వస్తే మూడో ఆదివారం ఆయనకూ మంచి సాక్ష్యం ఉంటుంది.

ప్రశ్న: మా ఆయన పోయి మూడు నెలలు. ప్రతిదానికీ స్తోత్రం చెప్పాలనీ, ఏడిస్తే విశ్వాసం తక్కువనీ అంటున్నారు. నాకు నోరు రావడం లేదు. (ఒక సోదరి, కావలి)

జవాబు: రాకపోతే రాకపోనివ్వండమ్మా. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 5:18లో ఉన్నది "ప్రతి విషయమునందును". నష్టంలో ఉండి కూడా అని దానర్థం. భర్త పోయినందుకు స్తోత్రం చెప్పమని కాదు. ఎఫెసీయులకు 5:20లో "సమస్తమునుగూర్చి" అని ఉందిగా అని ఎవరైనా వేలు పెట్టి చూపించవచ్చు. ఏడ్చేవాళ్ళతో ఏడవమని రోమీయులకు రాసిందీ ఆ రెండు పత్రికలూ రాసిన పౌలే.

13వ కీర్తన చదవండి. మొత్తం ఆరు వచనాలు. ఎన్నాళ్ళు, ఎంతకాలం అని మొదటి రెండిట్లోనే నాలుగుసార్లు నిలదీస్తుంది, పాట చివర్లో గాని రాదు. 88వ కీర్తనలో ఆ పాట కూడా రాదు, చీకటిలోనే ముగుస్తుంది. దాన్ని కూడా కీర్తనల గ్రంథంలోనే ఉంచారు.

పరామర్శకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. బిడ్డల్ని పోగొట్టుకున్న యోబును ఓదార్చవచ్చిన స్నేహితులు చేసిన మంచిపని ఏదైనా ఉంటే, మొదటి ఏడు రోజులు నోరు మూసుకుని పక్కన కూర్చోవడమే. మీరూ వచనాలు తక్కువ, పనులు ఎక్కువ పెట్టుకోండి. మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు తీయించి, పింఛను అర్జీ పెట్టడానికి ఆమెతోపాటు సచివాలయానికి ఎవరైనా వెళ్ళారా? సంఘం ముందు ఆ సంగతి చూడాలి. ఏడాది తిరిగేదాకా ఆమెను సాక్ష్యానికి పిలవకండి. తనంతట తాను లేస్తే అది వేరే సంగతి.

ప్రశ్న: మా స్త్రీల సమాజం నెలనెలా పది ఇళ్ళకు బియ్యం ఇస్తుంది. తీసుకున్నవాళ్ళలో ముగ్గురు మందిరం గడప తొక్కరు. కృతజ్ఞత లేనివాళ్ళ పేర్లు తీసేయాలని కొందరి పట్టు. (సమాజం కోశాధికారి, ఒంగోలు)

జవాబు: కుష్ఠరోగం పోయిన పదిమందిలో వెనక్కి వచ్చింది ఒక్కడే. "తొమ్మండుగురు ఎక్కడ?" అని యేసు అడిగాడు గాని, వాళ్ళ ఒంటికి రోగం తిప్పి పంపలేదు.

మీ ఊరి చరిత్రలోనే ఇంతకంటే గట్టి జవాబుంది. 1876-78 ధాత కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు కూలి పని చూపించారు. బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చినా, కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని పదిహేను నెలలపాటు ఎవరికీ ఇవ్వలేదు. ఆ తర్వాతే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో దిగి ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. పెట్టే చేతికీ, సంఘంలో చేర్చుకునే చేతికీ మధ్య ఆయన ఎడం ఉంచారు. మీ వాళ్ళు ఆ రెంటినీ ఒకే పుస్తకంలో రాస్తున్నారు.

పేర్లు తీయాల్సింది అవసరం తీరినప్పుడే. బియ్యం ఇళ్ళకే చేర్చండి, ఆరాధన తర్వాత వరస కట్టించొద్దు, ఫొటోలు అసలే వద్దు.

బియ్యం చాలడం లేదని కూడా రాశారు. పిడికెడు బియ్యం డబ్బా మళ్ళీ పెట్టించండి. పూటకు ఒక పిడికిలి, సుమారు 40 గ్రాములు. రెండు పూటలకు నెలకు 2.4 కిలోలు. ముప్పై ఇళ్ళు కలిస్తే 72 కిలోలు. ఈ పని చెడేది రెండు చోట్ల. రేషన్ బియ్యం, సన్నబియ్యం కలిస్తే ఒకటి ఉడికేసరికి ఇంకోటి ముద్దవుతుంది, అందుకని రెండు సంచులు పెట్టాలి. నెల దాటితే పురుగు పడుతుంది, కాబట్టి వచ్చింది వచ్చినట్టు పంచేయాలి. నీడన ఎండిన వేపాకు నాలుగు రెమ్మలు వేసినా ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: నవంబరులో కోతల పండుగ చేస్తున్నాం. వేలంపాటలో డబ్బున్నవాళ్ళు పోటీపడి గుమ్మడికాయ వెయ్యి రూపాయలకు పాడతారు. పేదావిడ తెచ్చిన సొరకాయ దగ్గరికి వచ్చేసరికి నవ్వులు. (కోవూరు)

జవాబు: ముందు నెల సరిచూసుకోండి. పెన్నా ఆయకట్టులో పెద్ద పంట కోతకు వచ్చేది మార్చి, ఏప్రిల్‌లో. నవంబరులో మీ చేలల్లో ఉండేది నారు. ఈస్టరు తర్వాత రెండో ఆదివారం పెట్టుకుంటే కొత్త వడ్లే చేతికి ఉంటాయి.

వేలం మానడం మంచిది. కష్టమైతే విడి వస్తువులు కాకుండా, అందరివీ కలిపిన బుట్టలు పాడండి. ఏది ఎవరిదో తెలియకూడదు. కానుకలు రాగానే మూడు భాగాలు చేయాలి: ఆ రోజే వండేవి, ఇళ్ళకు పంచేవి, బజారు ధరకు అమ్మేవి. కృతజ్ఞతార్పణ మాంసం అదే రోజు తినాలి, తెల్లవారేదాకా ఉంచకూడదని లేవీయకాండం 7:15 చెబుతుంది. ఒక ఇల్లు ఒక పశువును ఒక్క రోజులో ఎక్కడ తినగలదు? పొరుగువాళ్ళను పిలవక తప్పదు. అందుకే మొదటి భాగాన్ని పెద్దదిగా ఉంచండి.

వందమంది భోజనానికి 15 కిలోల బియ్యం, 4 కిలోల కందిపప్పు, 12 కిలోల కూరగాయలు సరిపోతాయి. వంటకు పాత బియ్యమే వాడండి. కొత్త బియ్యం అన్నం ముద్దకడుతుంది. కానుకగా వచ్చిన వడ్లను తడి మీద మూటకట్టి మూల పెడితే వేడెక్కి బూజు పడతాయి. టార్పాలిన్ మీద రెండు ఎండలు ఎండనిచ్చి, గింజ కొరికితే టక్కున విరిగేదాకా చూడండి. తేమ 14 శాతం లోపుండాలి. నాటుకోళ్ళను కాళ్ళు కట్టి బల్ల కింద పడేయకుండా గంప కింద నీళ్ళు పెట్టి ఉంచండి. ప్రసంగం మధ్యలో కూత పెట్టినా ఫరవాలేదు. డబ్బు ఇద్దరు లెక్కపెట్టి సంతకాలు చేసి, మరుసటి ఆదివారం చదివి వినిపించాలి.

ప్రశ్న: కృతజ్ఞతల డైరీ రోజూ రాద్దామని మొదలుపెట్టాను. నెలకే విసుగొచ్చింది. (డిగ్రీ విద్యార్థి, ఒంగోలు)

జవాబు: రోజూ రాస్తే అన్నం, నీళ్ళు, గాలి అని నింపుడు మొదలవుతుంది. వారానికోసారి చాలు. అమెరికాలో ఎమన్స్, మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో ఒక గుంపు పది వారాలు వారానికోసారే, ఐదు విషయాల దాకా రాసింది. చికాకులు రాసిన గుంపుకంటే వాళ్ళే తమ జీవితం బాగుందన్నారు. శనివారం రాత్రి ఐదు రాయండి. ఒక్కటైనా మనిషి పేరుతో ఉండాలి. మర్నాడు ఆరాధన అయ్యాక, ఆ మనిషి చెప్పులు వెతుక్కునేటప్పుడు పక్కన నిలబడి ఆ మాట చెప్పండి.